గోదావరి ఒడ్డున రోమన్ వెండి: ప్రాచీన నాగరికతల మధ్య సంబంధాలకు దేన్ని సాక్ష్యం అనాలి?

గోదారిగడ్డ (హనుమకొండ) రాశారు:

అందరికీ నమస్కారం. నేను పురావస్తు శాఖ మనిషిని కాదు. బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా ధర్మపురి నుంచి మంథని దాకా గోదావరి వెంట పాటిగడ్డలు (పాత ఊళ్ల దిబ్బలు) తిరుగుతూ నోట్సు రాసుకుంటున్నాను. శాతవాహనుల కాలంలో మన ఉత్తర తెలంగాణకూ, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రోమన్ లోకానికీ రాకపోకలు ఏపాటివి, సరుకు ఏ దారిన నడిచింది అన్నది నా పట్టు. ఇప్పటిదాకా నాకు తేలిన సంగతులు ఇక్కడ పెడుతున్నా. తెలిసినవాళ్లు సరిదిద్దండి, కలపండి.

ముందు గట్టి నేల మీద నిలబడేవి చెప్తాను. జగిత్యాల జిల్లా కోటిలింగాల దగ్గర పెద్దవాగు గోదావరిలో కలుస్తుంది. 1970ల చివర, 80ల మొదట్లో వి.వి.కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వారు. చిముక శాతవాహనుడి పేరున్న నాణేలే కాదు, అంతకుముందు ఏలిన గోభద, నారన, కంవాయ, సమగోపల నాణేలు కూడా ఆ ఊళ్లోనే వెలుగు చూశాయి. పెద్దబంకూరులో 20,000కు పైగా శాతవాహన నాణేలు బయటపడ్డాయి. రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కరీంనగర్ పక్కన నుస్తులాపూర్‌లో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. దక్షిణానికి పోతే నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,531 రోమన్ దీనారాలు, అంటే వెండి నాణేలు. పడమటికి పోతే సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో 1940లలో యాజ్దానీ గారు తవ్వినప్పుడు అగస్టస్ బంగారు నాణెం దొరికింది.

ఇక రాతలో ఉన్న సాక్ష్యం. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు నుంచి వ్యాపారం చేసిన గ్రీకు నావికుడు ఒకడు రాసిపెట్టుకున్న 'పెరిప్లస్'లో రెండు దక్కన్ పట్టణాలున్నాయి. భరుకచ్ఛం, అంటే ఇప్పటి భరూచ్, నుంచి దక్షిణంగా ఇరవై రోజుల ప్రయాణంలో పైఠాన్. అక్కడికి తూర్పున ఇంకో పది రోజుల్లో తగర, అంటే ఇప్పటి తేర్. పైఠాన్ నుంచి గోమేధికం లాంటి రాళ్లు, తగర నుంచి బట్టలు బండ్ల మీద రేవుకు వచ్చేవట. నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ తర్వాతి మాట. సముద్ర తీర ప్రాంతాల నుంచి వచ్చిన సరుకు కూడా తగరలో చేరేదని రాశాడు. అది తూర్పు తీరమే అయితే, ఆ బండ్లు మన నేల మీదుగా నడవక తప్పదు. పైఠాన్ ఉన్నది కూడా మన గోదావరి గట్టునే.

నా పద్ధతి ఒక్కటే. రెండు చోట్ల వస్తువులు ఒకేలా ఉన్నాయని సంబంధం అంటగట్టను. అక్కడ తయారైన వస్తువు ఇక్కడ మట్టిలో దొరకాలి, ఏ చేనులో ఏ లోతులో దొరికిందో రాసి ఉండాలి. మొదటిది మనకు ఉంది. రెండోది ఏటికేడు చెయ్యి జారిపోతోంది. నా బాధంతా అదే.

ఓరుగల్లు_రాళ్లు (వరంగల్) రాశారు:

సార్, మంచి చర్చ. కానీ ఒకేలా ఉండటాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తే ఎలా? ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో దామరవాయి గుట్ట మీద రాకాసి గూళ్లు చూశాను. నాలుగు పక్కలా రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పిన సమాధులు. ఫ్రాన్స్‌లో, ఐర్లాండ్‌లో ఉన్న డోల్మెన్ల ఫొటోలు పక్కన పెడితే అచ్చం అవే. వాళ్లూ మనమూ ఏదో ఒక కాలంలో కలిసి ఉండకపోతే అంత దూరంలో అదే కట్టడం ఎలా వస్తుంది? పైగా కాటాపూర్, మల్లూరు వైపు శిలువ ఆకారంలో నిలబెట్టిన రాళ్లున్నాయి. అవి చూస్తే ఎవరికైనా పడమటి దేశాలు గుర్తుకు వస్తాయి.

గోదారిగడ్డ రాశారు:

తమ్మీ, మీరు లేవనెత్తిన విషయానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. కాటాపూర్, మల్లూరు రాళ్లను 1868 ప్రాంతంలో ములెరన్ అనే అధికారి బొమ్మలు గీసి కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పంపాడు. ఆ బొమ్మలు చూసి జేమ్స్ ఫెర్గూసన్ అనే పెద్ద పండితుడు, 1872లో అచ్చయిన పుస్తకంలో, ఇవి క్రైస్తవ శిలువలేనని నమ్మాడు. ప్రపంచంలోని రాతి సమాధులు మనం అనుకున్నంత పాతవి కావు అన్నది ఆయన వాదం. మన గోదావరి అడవి రాళ్లు ఆ వాదానికి బాగా పనికొచ్చాయి.

మరి అవి ఏమిటి? మనిషి ఆకారాలు. నిలువు రాయి ఒళ్లు, అడ్డంగా చాచినవి చేతులు, పైన తల. దొంగలతోగు దగ్గరున్న వాటిలో కొన్నింటికి స్తనాలు కూడా చెక్కారు. సమాధుల పక్కనే నిలబెట్టారు కాబట్టి చనిపోయినవాళ్ల కోసమో, కాపలాగానో పెట్టి ఉంటారు. ఏసుక్రీస్తు పుట్టక ముందు నుంచీ మన దగ్గర ఇనుప యుగం సమాధుల సంప్రదాయం ఉంది. ఎంత గొప్ప పండితుడైనా ఒక్క ఆకారాన్ని పట్టుకుని పోతే ఎక్కడ తేలతాడో ఇది చూస్తే తెలుస్తుంది.

డోల్మెన్ల సంగతి కూడా కాలం దగ్గరే తేలిపోతుంది. ఫ్రాన్స్ పడమటి తీరంలోని రాతి సమాధుల్లో పాతవి క్రీ.పూ. 4000 కంటే ముందువని కార్బన్ పరీక్షలు తేల్చాయి. అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందు. మన తెలంగాణవి ఎక్కువగా క్రీ.పూ. 1000 తర్వాతివి. నడుమ మూడు వేల ఏళ్లు. ఇంత ఎడం ఉన్నప్పుడు ఎవరు ఎవరికి నేర్పినట్టు? పలకలుగా చీలే రాయి, చనిపోయినవాళ్లకు ఇల్లు కట్టాలన్న తపన, ఈ రెండూ ఉన్నచోట ఇలాంటి కట్టడం దానంతట అదే వస్తుంది.

ఓరుగల్లు_రాళ్లు రాశారు:

ఫెర్గూసన్ సంగతి నాకు తెలియదు సార్. కాలం లెక్క ఒప్పుకుంటా. కానీ దామరవాయి గూళ్ల మీద మీరు ఇంత పట్టుగా రాయాలి. పైబండలు పక్కకు దొర్లించి గుప్తనిధుల కోసం లోపల తవ్విన గుంటలు చూసి కడుపు తరుక్కుపోయింది.

గోదారిగడ్డ రాశారు:

తప్పకుండా రాస్తాను. ఆ సమాధుల్లో బంగారం ఉండదు. కుండలు, ఎముకలు, ఇనుప కత్తులు, పూసలు. తవ్వినవాడికి ఏమీ దక్కదు, మనకూ ఏమీ మిగలదు.

రాణీరుద్రమ_వీధి (హనుమకొండ) రాశారు:

ఆకారం పట్టుకుని బోల్తా పడ్డ కథ ఇంకొకటి. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వినప్పుడు లోపలి అడుగున చుక్కల వరసలు గుండ్రంగా తిరిగిన నున్నటి పళ్లేలు దొరికాయి. రౌలెటెడ్ వేర్ అంటారు. అవి మధ్యధరా నుంచి వచ్చాయని అప్పట్లో అనుకున్నారు. తర్వాత మట్టిని ల్యాబులో పరీక్షిస్తే అది మన దేశపు మట్టే. అదే అరికమేడులో దొరికిన ద్రాక్షసారా జాడీలు మాత్రం నిజంగా అక్కడివే. ఇటలీలో నేపుల్స్ వైపు చేసిన జాడీల మట్టిలో అగ్నిపర్వతపు నల్ల ఇసుక రేణువులు కనిపిస్తాయి. లెన్సు పెట్టి చూస్తే చాలు. ఆకారం అబద్ధం చెప్పొచ్చు కానీ మట్టి చెప్పదు.

అందుకే పాటిగడ్డ మీద చుక్కల పెంకు దొరకగానే 'రోమన్ కుండ' అని ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

పెద్దపల్లి_పిలగాడు (పెద్దపల్లి) రాశారు:

సార్ నమస్తే. చర్చ అంతా చదివినంక ధైర్యం చేసి రాస్తున్న. మా పెద్దబాపు చెల్కల మోటరు పైపు కోసం కాల్వ తీస్తుంటే ఒక తెల్ల బిళ్ల దొరికింది. మా దగ్గర ఆ చెల్కను పాటిమీద అంటరు, దున్నినప్పుడల్ల చిల్లపెంకులు తేలుతయి. బిళ్ల మీద ఒక దిక్కు మగమనిషి తల, ఆకుల దండ కట్టుకున్నట్టు ఉన్నది. ఇంకో దిక్కు కుర్చీల కూసున్న ఆడమనిషి, చేతిల పొడుగు కట్టె. చుట్టూ ఇంగ్లిష్ అక్షరాల లెక్క ఉన్నయి. తల మీద గాటు పెట్టినట్టు చిన్న గీత. ఇది మీరు చెప్పేదేనా? ఫొటో పెడితే ఏమన్న అయితదా అని భయమైతున్నది.

గోదారిగడ్డ రాశారు:

తమ్మీ, ముందుగా మూడు పనులు చేయొద్దు. చింతపండుతోనో బూడిదతోనో తోమొద్దు. కంసాలికి ఇచ్చి గీకించొద్దు. ఊరి పేరుతో ఫొటో ఇక్కడ పెట్టొద్దు. రేపు తెల్లారేసరికి డిటెక్టర్లు పట్టుకుని మీ పెద్దబాపు చెల్క మీద పడతారు.

మీరు చెప్పిన గుర్తులన్నీ టైబీరియస్ చక్రవర్తి దీనారానికి సరిపోతున్నాయి. క్రీ.శ. 14 నుంచి 37 దాకా ఏలాడు. వెనక కూర్చున్న ఆవిడ చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ ఉండాలి. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది చెప్తారు. ఏసు ప్రభువు 'కైసరువి కైసరునకు' అన్నప్పుడు చూపించిన దేనారము ఇదేనని క్రైస్తవుల్లో నమ్మకం ఉంది. ఇండియాలో దొరికే రోమన్ వెండిలో ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకటి ఇది. ఇంకోటి అగస్టస్‌ది. దాని వెనక ఇద్దరు యువరాజులు నిలబడి ఉంటారు, నడుమ డాళ్లు, ఈటెలు. అగస్టస్ దత్తత తీసుకున్న మనవలు గయస్, లూసియస్ వాళ్లు.

రాణీరుద్రమ_వీధి గారూ, నాణేల మీద మీ చేయి తిరిగింది కదా, అసలుదో పోతదో ఎలా చూడాలో చెప్పండి.

రాణీరుద్రమ_వీధి రాశారు:

2011 తర్వాత వచ్చిన యాభై పైసల బిళ్ల ఉంటే పక్కన పెట్టు తమ్ముడూ. వెడల్పు దాదాపు అంతే ఉండాలి, బరువు కూడా అటూ ఇటుగా అంతే, మూడున్నర గ్రాముల పైన. తర్వాత అంచు చూడు. పోత పోసిందైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తుంది, పైన బుడగలు పేలిన చిన్న గుంటలుంటాయి. అసలు నాణెం సుత్తి దెబ్బతో ముద్ర వేసింది కాబట్టి పూర్తి గుండ్రంగా ఉండదు, తల నడిమధ్యలో పడకుండా ఒక పక్కకు జరిగి ఉండొచ్చు, అంచు అక్కడక్కడా చీలి ఉంటుంది. అక్షరాల అంచులు వెండిలోకి జారినట్టు కాకుండా నిటారుగా లేస్తాయి.

తల మీద గాటు ఉందని భయపడొద్దు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో గాట్లు పెట్టినవి, ముద్రలు గుద్దినవి ఉన్నాయి. అక్కనపల్లి నిధిలో కూడా అలాంటి ముద్రలున్నవి ఉన్నాయి. కొన్నింటికి మెడలో వేసుకోవడానికి చిల్లి పెట్టారు. కొండాపూర్‌లోనైతే రోమన్ నాణెం అచ్చు ఒత్తి, కట్టుకోవడానికి కొక్కెం పెట్టిన మట్టి బిళ్లలే దొరికాయి. అంటే ఆ బొమ్మ ఇక్కడి ఆడవాళ్లకో పిల్లలకో ఒక నగ. రోమ్ చక్రవర్తి ఎవరో తెలిసి వేసుకున్నారని నేననుకోను.

ఇంకోటి. క్రీ.శ. 64లో నీరో దీనారంలో వెండి తగ్గించాడు. ఇక్కడి నిధుల్లో ఎక్కువగా ఉన్నవి అంతకుముందు కొట్టిన మంచి వెండి నాణేలే. వెండి నాణ్యత ఎరిగినవాళ్లే మన వ్యాపారులు.

మానేరు_నీళ్లు (కరీంనగర్) రాశారు:

అంతా బాగుంది గానీ ఒక మాట. నాణెం దొరికింది కాబట్టి రోమన్లు పెద్దపల్లికి వచ్చారు, ఇక్కడ వాళ్ల కాలనీ ఉండేది అని యూట్యూబ్ వాళ్లు చెప్తున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ వెండి ఎన్ని చేతులు మారి వచ్చిందో ఎవరికి తెలుసు?

గోదారిగడ్డ రాశారు:

మీ మాటతో నూరు శాతం ఏకీభవిస్తాను. నాణెం నడిచిన దూరం వేరు, మనిషి నడిచిన దూరం వేరు. ఈజిప్టు ఓడ రుతుపవనాల గాలి పట్టుకుని భరూచ్‌కో కేరళ తీరంలోని ముచిరి రేవుకో వచ్చేది. అక్కడ సరుకు దించి, సరుకు ఎక్కించుకుని, గాలి తిరగ్గానే వెళ్లిపోయేది. అక్కడి నుంచి లోపలికి తెచ్చింది మనవాళ్లే. శ్రేణులు (వర్తక సంఘాలు), సార్థవాహులు (బిడారు నాయకులు), బండ్ల మీద, ఎద్దుల మీద. దారి పొడుగునా ధూళికట్ట లాంటి బౌద్ధ స్తూపాలున్నాయి. ధూళికట్టలో బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుడి అయిదు పడగల పలక బయటపడింది. అలాంటి చోట్ల భిక్షువులతో పాటు వర్తకులు కూడా ఆగేవారు.

కాబట్టి నేను 'రోమన్లు వచ్చారు' అనను. 'రోమన్ వెండి వచ్చింది' అంటాను. ఎందుకు వచ్చింది? ఇక్కడి నుంచి ఏదో పోయింది కాబట్టి వచ్చింది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) పీల్చేస్తోందని క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ రచయిత ప్లినీ మొత్తుకున్నాడు. ఏం పోయింది అన్నదే అసలు ప్రశ్న. బట్ట పోయింది, కానీ బట్ట మట్టిలో మిగలదు. పూసలు పోయాయి. ఇనుము పోయిందా?

చిట్టెం_కుప్ప (నిజామాబాద్) రాశారు:

ఇనుము మాట వచ్చింది కాబట్టి దిగాల్సి వచ్చింది. నేను లోహశాస్త్రం చదివినవాణ్ణి. మా జిల్లా కోనసముద్రం పేరు వినే ఉంటారు. హెన్రీ వోయిసీ అనే సర్వే వైద్యుడు 1820లలో అక్కడికి వెళ్లి ఉక్కు తయారీ కళ్లారా చూసి రాశాడు. ఆయన చనిపోయాక 1832లో కలకత్తాలో అచ్చయింది. మట్టి మూసల్లో రెండు రకాల ఇనుము పెట్టి మూత వేసి గంటల తరబడి కాల్చడం, ఆ ఉక్కు ముద్దలు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఒక వర్తకుడు స్వయంగా వచ్చి కూర్చోవడం, అన్నీ ఉన్నాయి అందులో. డమాస్కస్ కత్తుల ఉక్కు ఇదే. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరులోని నియాస్ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా చిట్టెం (ఇనుము తీయగా మిగిలిన మడ్డి) కుప్పలు, మూస ముక్కలు సర్వే చేశాయి. దానికి ముందు నుంచీ పరిశోధకుడు జైకిషన్ గారు ఈ ప్రాంతమంతా తిరిగి ఎంతో పోగు చేశారు.

ఒక నాగరికతకూ ఇంకో నాగరికతకూ సంబంధం అంటే నాకు దీనికంటే బలమైన ఉదాహరణ కనబడదు. ఇటు మూస ముక్క మా చేలో ఉంది, అటు కొనుగోలుదారుడి ఊరు పేరుతో సహా కాగితం మీద ఉంది.

కానీ ఈ 19వ శతాబ్దపు సంగతిని తీసుకెళ్లి రోమన్ల కాలానికి అతికించకూడదు. పెరిప్లస్‌లో భారతీయ ఇనుము, ఉక్కు ఎర్ర సముద్రం ఒడ్డున ఆదులిస్ రేవుకు పోయేవని ఉంది. అవి 'అరియకె' నుంచి వచ్చాయన్నాడు. అది పడమటి తీరం వెనకున్న ప్రాంతం. దాన్ని పట్టుకుని అది మా నిజామాబాద్ ఉక్కే అని రాస్తే ఊళ్లో చప్పట్లు పడతాయి, పరిశోధన మాత్రం అక్కడే ఆగిపోతుంది.

తేల్చే దారి ఉంది. చిట్టెం ముద్ద పగలగొడితే లోపల బొగ్గు ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఆ బొగ్గును కార్బన్ పరీక్షకు పంపితే కొలిమి ఏ కాలానిదో తెలుస్తుంది. అయితే కుప్ప అడుగు నుంచి, పొర చూసి, శాఖవాళ్ల చేత తీయించాలి. పైన దొర్లుతున్న ముక్కకు విలువ లేదు, ఎక్కడి నుంచో ట్రాక్టర్‌లో వచ్చి పడి ఉండొచ్చు. చెలకలు చదును చేసేటప్పుడు, రోడ్డుకు మొరం కావాల్సినప్పుడు ఈ కుప్పలే పోతున్నాయి.

గోదారిగడ్డ రాశారు:

మీలాంటి మనిషి కోసమే ఈ చర్చ మొదలుపెట్టాను. పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల్లో ఇనుప సామాను బాగానే దొరికింది. నా నోట్సులో చిట్టెం కుప్పలు ఏ ఊళ్లో, ఏ వాగు పక్కన ఉన్నాయో రాసినవి ఉన్నాయి. పాటిగడ్డ పక్కనే ఉన్నవి వేరే పేజీలో పెట్టాను. పరీక్షకు ముందు చూడాల్సినవి అవే. మీకు మెసేజ్‌లో పంపుతాను.

జగిత్యాల_కోడలు (జగిత్యాల) రాశారు:

పడమటి దేశాల గురించే మాట్లాడుతున్నాం గానీ, మన మొదటి సంబంధాలు ఉత్తరానివి కదా సార్. సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలో బావరి అనే పెద్దాయన గోదావరి ఒడ్డున అస్సక రాజ్యంలో ఉండేవాడని ఉంది. పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు నడిచిన దారి కూడా వరసగా చెప్పారు. ముందు పైఠాన్, తర్వాత మాహిష్మతి, ఉజ్జయిని, అట్లా శ్రావస్తి మీదుగా మగధ దాకా. ఖానాపూర్ దగ్గర బాదనకుర్తి ద్వీపమే బావరి ఉన్న చోటని మా వైపు చెప్పుకుంటారు. రోమన్ ఓడలు రాక ముందే మనకు ఆ దారి ఉంది.

గోదారిగడ్డ రాశారు:

చాలా ముఖ్యమైన విషయం అమ్మా. పైఠాన్ రెండు దారుల్లోనూ ఉంది చూడండి. వెండి వచ్చింది కూడా ఆ పాత దారి మీదే అని నా నమ్మకం. బాదనకుర్తిని మాత్రం సంప్రదాయం అనే పేరుతోనే రాసుకున్నాను.

కోటిలింగాలను గురించి మీ జిల్లావాళ్లకు ఒక విన్నపం. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున ఇటుకలు, పెంకులు, నాణేలు తేలుతాయి. ఏరుకుని ఇంట్లో పెట్టుకోవడం కాకుండా, ఉన్నచోటే ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టి, మ్యూజియంవాళ్లకు తెలపండి. చోటు తెలియని నాణెం ఒక్క రాజు పేరే చెబుతుంది. చోటు తెలిసిందైతే ఆ ఊరు ఎవరితో వ్యాపారం చేసిందో చెబుతుంది.

పెద్దపల్లి_పిలగాడు రాశారు:

సార్, తూకం వేయించిన. 3.6 గ్రాములు. యాభై పైసల బిళ్లకు ఇంచుమించు సమానం. అంచుకు అతుకు లేదు, ఒక దిక్కు చీలి ఉన్నది. ఆడమనిషి రెండో చేతిల కొమ్మ ఉన్నది, మీరు చెప్పినంక కనబడ్డది. మా పెద్దబాపు ముందుగాల ఒప్పుకోలేదు, సర్కారుకు చెప్తే చెల్క గుంజుకుంటరని ఊళ్లె ఎవరో చెప్పిండ్రట. ఏం చెప్పాలె ఆయనకు?

గోదారిగడ్డ రాశారు:

ఒక్క నాణేనికి చెల్క గుంజుకోరని చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. చెప్పకుండా దాచినా, అమ్మినా చిక్కే. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, ముద్ర ఉన్న కాగితం అడిగి తీసుకోండి. దరఖాస్తులో సర్వే నంబరు రాయండి. గెట్టు నుంచి ఎన్ని అడుగుల్లో, ఎంత లోతులో దొరికిందో, మట్టి నల్లదో బూడిద రంగుదో రాయండి. పక్కన కుండ పెంకు, ఇటుక, ఎముక, చిట్టెం ఏదైనా వచ్చిందా అన్నది మర్చిపోకుండా రాయండి. ఇటుక పూర్తిగా ఉంటే పొడుగు, వెడల్పు, మందం కొలవండి. శాతవాహనుల ఇటుక మన ఇటుక కంటే చాలా పెద్దది. కొలిస్తే కాలం పట్టుకోవడానికి ఆసరా అవుతుంది.

పైపు కాల్వ ఇంకా పూడ్చలేదు కదా?

పెద్దపల్లి_పిలగాడు రాశారు:

పూడ్వలేదు సార్. ఇటుకలు ఉన్నయి, పెద్దవే. నల్లటి బూడిద పొర ఒకటి జానెడు మందం కనబడుతున్నది. అందుల చిట్టెం రాళ్ల లెక్క ఉన్నయి రెండు మూడు.

చిట్టెం_కుప్ప రాశారు:

తమ్ముడూ, ఆ చిట్టెం ముట్టుకోవద్దు. బూడిద పొరలో ఉంది కాబట్టే దానికి విలువ. నాణెం ఆ పొరలో దొరికిందా, పైనా, కింద? గుర్తు తెచ్చుకుని ఇప్పుడే రాసిపెట్టు.

పెద్దపల్లి_పిలగాడు రాశారు:

పెద్దబాపును అడిగిన. బూడిద పొరకు పైన, బెత్తెడు ఎత్తులనట. గడ్డపార ఆనవాలు ఇంకా ఉన్నది, ఫొటో తీసిన, పక్కన స్కేలు పెట్టి.

గోదారిగడ్డ రాశారు:

శభాష్. కాల్వ మీద తాటాకులో, రేకులో కప్పమని పెద్దబాపుకు చెప్పండి, వాన పడితే గోడ కూలుతుంది. రేపు దరఖాస్తు ఇవ్వండి. కాపీ ఒకటి కరీంనగర్ మ్యూజియంకు కూడా పోవాలి, ఆ లెటర్ నేను రాసిస్తాను. చిట్టెం_కుప్ప గారూ, శాఖవాళ్లు వచ్చే రోజు మీరు కూడా వస్తే బొగ్గు తీసేటప్పుడు ఏ ముక్క తీయాలో దగ్గరుండి చెప్పొచ్చు. వీలవుతుందా?

చిట్టెం_కుప్ప రాశారు:

లీవు పెట్టుకుని వస్తాను. తేదీ చెప్పండి.